కోరానికి ఒకరు తక్కువ

గద్వాల ఊరి చివర, ఐజకు పోయే రోడ్డు పక్కన కృష్ణవేణి కాలనీ ఉంది. పేరులో కృష్ణ ఉంది గానీ నల్లాలో లేదు. అసలు నల్లాలే లేవు. కాలనీలోని ముప్పై ఆరు ఇళ్లవాళ్లూ వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు కోసం డ్రమ్ములు వరసబెట్టుకుని ఎదురుచూసేవాళ్లు.

ఆ కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి కురుమయ్య. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ముత్యాల్లాంటి చేతిరాత. "కురుమయ్య తీర్మానం రాస్తె పెండ్లి పత్రిక చదివినట్టుంటది" అని సంఘం అధ్యక్షుడు తిమ్మారెడ్డి ఒకసారి నలుగురిలో మెచ్చుకున్నాడు. తిమ్మారెడ్డి తాసిల్దారుగా రిటైరైన మనిషి. కురుమయ్య తండ్రి ఇలాంటి వాళ్ల ఇంటి ముందు గొంగడి చంకలో పెట్టుకుని, పిలిచేదాకా వాకిట్లోనే నిలబడేవాడు. కొడుకు ఇప్పుడు అలాంటి ఇంటి వరండాలో, ఆయన పక్క కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచి చదువుతున్నాడు. ఆ కుర్చీ అంటే కురుమయ్యకు ఎంత ఇష్టమో అతనికే తెలుసు.

రెండు వేల ఏడు ఏప్రిల్లో కాలనీకి మంచి కబురొచ్చింది. ఖాళీగా ఉన్న పార్కు స్థలాన్ని అప్పగిస్తే అందులో నీళ్ల ట్యాంకు కట్టి ఇంటింటికీ పైపులు వేస్తామని మున్సిపాలిటీవాళ్లు చెప్పారు. దానికి సంఘం సభ జరిపి తీర్మానం చేయాలి. కాగితం బుధవారానికల్లా అందాలి. ఆ గడువు తెలిసింది శుక్రవారం. కురుమయ్య శనివారమంతా నోటీసు పుస్తకం పట్టుకుని తిరిగాడు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు తిమ్మారెడ్డి ఇంటి వరండాలో సభ.

సంఘం నిబంధనల ప్రకారం సభ్యుల్లో మూడో వంతు, అంటే పన్నెండు మంది ఉంటేనే కోరం. అరగంట చూసినా అంతమంది రాకపోతే సభ వారానికి వాయిదా వేయాలి. ఆ వాయిదా సభకు మాత్రం కోరం అక్కర్లేదు, వచ్చినవాళ్లతోనే నడుపుకోవచ్చు. అయితే వారం ఆగితే బుధవారం దాటిపోతుంది.

ఆ ఆదివారం ముహూర్తాలు గట్టివి. సగం కాలనీ పెబ్బేరులో ఒక పెళ్లికి పోయింది. రెండు కుటుంబాలు పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి బీచుపల్లికి పోయాయి. నాలుగున్నర కావస్తుండగా మోటారు వైండింగ్ దుకాణం షరీఫ్ వరండాలో ఉన్నవాళ్లను ఇంకోసారి లెక్కపెట్టాడు.

"పదకొండే ఉన్నం సారూ. ఎన్నిసార్లు ఎంచినా గంతే."

తిమ్మారెడ్డి గోడ గడియారం వైపు చూశాడు. అప్పుడు హైస్కూలు టీచరు జయశ్రీ అంది: "నాలుగో లైన్ల నర్సు ఉంటది కదా, ఏసురత్నం. ఆమె రాలేదేంది? నోటీసు అందలేదా?"

జయశ్రీ కాలనీకి కొత్త. ఆమె అడిగినదాంట్లో అడగకూడనిది ఏముందో ఆమెకు తెలియదు. కురుమయ్య పుస్తకంలోకి తల వంచాడు. తిమ్మారెడ్డి గొంతు సవరించుకున్నాడు.

"పో కురుమయ్యా, ఆమెను పిల్చుకొనిరా. పన్నెండు కావాలె కద మనకు."

ఏసురత్నం, ఆమె భర్త ఇస్రాయేలు ఆ కాలనీకి వచ్చి మూడేళ్లయింది. ఆమె ప్రభుత్వ దవాఖానలో నర్సు, అతను బస్సు డిపోలో మెకానిక్. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. సంఘంలో చేరినప్పుడు సభ్యుల పట్టీలో ముప్పై ఆరో పేరుగా ఆమె పేరు రాసింది కురుమయ్యే. ఆ తర్వాత మొదటి సభకు నోటీసులు తీసుకుని బయల్దేరుతుంటే తిమ్మారెడ్డి గేటు దగ్గర అతన్ని ఆపాడు. "ఆ కొసకున్న ఇంటికి ఎందుకులే కురుమయ్యా. మీటింగు మా ఇంట్ల పెట్టుకుంటున్నం కద" అన్నాడు. గట్టిగా అనలేదు, ఆజ్ఞలాగా కూడా అనలేదు. కురుమయ్యకు అర్థమైంది. తల ఊపాడు. ఆ తల ఊపిన తర్వాత మూడేళ్లలో పదకొండు సభలు జరిగాయి. ఒక్కదానికీ ఆ ఇంటికి నోటీసు పోలేదు, ఈ సభకు కూడా.

అలాగని కురుమయ్యకు ఆ ఇల్లు తెలియనిది కాదు. అతని తల్లి బాలనాగమ్మకు షుగరు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసేది ఏసురత్నమే. డ్యూటీకి పోతూ అతని ఇంటి ముందు ఆగి, లోపలికొచ్చి, ముసలమ్మతో రెండు మాటలు మాట్లాడి, సూది వేసి పోయేది. ఏ రోజన్నా ఆలస్యమైతే కురుమయ్య పోయి పిలుచుకొచ్చేవాడు. రెండేళ్లుగా ఇదే వరస.

అతను నాలుగో లైను చివరికి చేరేసరికి ఇస్రాయేలు స్కూటరు తుడుస్తున్నాడు. కురుమయ్యను చూడగానే గుడ్డ కింద పడేశాడు.

"ఏమైంది సారూ? అవ్వకు బాగలేదా?" అని, జవాబు వినకుండానే లోపలికి కేకేశాడు. "ఏయ్, రత్నం! కురుమయ్య సారొచ్చిండు, జల్ది రా!"

ఏసురత్నం మందుల డబ్బా చేతిలో పట్టుకునే బయటికొచ్చింది. చెప్పుల్లో కాళ్లు పెడుతూనే అడిగింది: "షుగర్ పడిపోయిందా సారూ? చక్కెర నీళ్లన్న తాగిపిచ్చిండ్రా?"

ఆమె మెట్లు దిగి గేటు దాకా వచ్చేసింది.

"కాదమ్మా. అవ్వ మంచిగనే ఉంది. మీటింగు. కాలనీ మీటింగు ఉంది. మీరు జర రావాలె."

ఆమె ఆగిపోయింది. "మీటింగా? నన్నా?"

"అవునమ్మా. కోరానికి ఒకరు తక్కువైండ్రు."

నోరు జారిందని మాట బయటపడ్డాక తెలిసింది. ఇస్రాయేలు చిన్నగా నవ్వాడు. అది నవ్వులా లేదు. "చూస్తివా, మన అవసరం గూడ ఒకటి పడ్డది" అన్నాడు భార్యతో.

ఏసురత్నం డబ్బాను భర్త చేతికిచ్చింది. "నీళ్ల సంగతేనా సారూ?"

"అవును. బుధారం లోపల తీర్మానం పోవాలె."

"వస్త పాండి. నీళ్లు మాకూ కావాలె."

దారిపొడుగునా కురుమయ్య ఒక అడుగు ముందు నడిచాడు. పక్కన నడిస్తే ముఖం చూడాల్సివస్తుందని.

వరండాలో ఆమెకు కుర్చీ వేశారు. తిమ్మారెడ్డి "రామ్మా, కూసో" అని మర్యాదగానే అన్నాడు. షరీఫ్ "పన్నెండు!" అని తొడ మీద చరుచుకున్నాడు. ఇక నేరుగా తీర్మానంలోకి దిగుతారనుకుంటే జయశ్రీ మళ్లీ నోరు తెరిచింది.

"ముందుగాల పోయిన మీటింగు మినిట్సు చదవాలె కదా కురుమయ్యగారూ. పద్ధతి అది."

పద్ధతి అదే. ప్రతిసారీ చదివేవాడే. కురుమయ్య పుస్తకం తీసి, అలవాటుగా గొంతు పెంచి మొదలుపెట్టాడు. "కృష్ణవేణి కాలనీ సంక్షేమ సంఘము సర్వసభ్య సమావేశము అధ్యక్షుల వారి స్వగృహమున జరిగినది. కాలనీలోని సభ్యులందరికీ నోటీసులు అందజేయబడినవి..."

రెండో వాక్యం సగంలోనే అతని గొంతు కిందికి జారింది. ఆ వాక్యం పదకొండు సభల్లోనూ ఉంది. పదకొండుసార్లూ అందంగా రాశాడు.

"అందరికీ అంటె ఎందరికి సారూ?" అని అడిగింది ఏసురత్నం. కోపంగా అడగలేదు. దవాఖానలో రోగిని ఎన్ని పూటలు అన్నం తిన్నావని అడిగినట్టు అడిగింది.

కురుమయ్య తిమ్మారెడ్డి వైపు చూశాడు. తిమ్మారెడ్డి గడియారం వైపు చూశాడు.

"ముప్పై అయిదు మందికి" అన్నాడు కురుమయ్య.

"కాలనీల ఇండ్లెన్ని?"

"ముప్పై ఆరు."

ఎవరో దగ్గారు. జయశ్రీ ముఖం ఎర్రబడింది. ఏసురత్నం కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"సరే. అయిందేదో అయింది. ఇయ్యాల నేను సంతకం పెడ్త. కాకపోతె ఒక్క మాట రాయండి సారూ. ముప్పై ఆరో ఇంటికి ఇన్నొద్దులు నోటీసు ఇయ్యలేదని రాయండి. గంతే."

"అదంత తర్వాత చూసుకుందం తియ్యమ్మా" అన్నాడు తిమ్మారెడ్డి. "ముందు నీళ్ల పని కానియ్యి."

"తర్వాత అంటె ఎప్పుడు సారూ? మళ్లీ ఎప్పుడు పిలుస్తరు నన్ను?"

"గట్ల రాస్తె పాత తీర్మానాలన్నీ తప్పైతయి. ఆఫీసోళ్లు కొర్రీ పెడ్తరు. నీకు గూడ నీళ్లు కావాలె కద?"

"కావాలె. ట్యాంకరు కాడ నేను గూడ నిలబడ్డదాన్నే. ఒక్క ముక్క రాసుకుంటె నా సంతకం ఇప్పుడే తీస్కోండి. రాయనంటె నేనెందుకు సారూ ఇక్కడ? అంకె కోసమా?"

వరండాలో అందరి చూపూ కురుమయ్య మీద పడింది. కలం అతని చేతిలోనే ఉంది. రాయాల్సిన వాక్యం అతని తలలో అప్పటికే తయారైంది, దిద్దుబాటు కూడా అక్కర్లేకుండా. అతను తిమ్మారెడ్డి ముఖం చూశాడు. తిమ్మారెడ్డి ఎవరికీ కనిపించనంత చిన్నగా తల అడ్డంగా తిప్పాడు.

కురుమయ్య కలానికి మూత పెట్టాడు.

అది ఏసురత్నం చూసింది. లేచి, కొంగు సర్దుకుంది. "సరే సారూ, పోత" అని మెట్లు దిగింది. వెళ్లేటప్పుడు గేటు గొళ్లెం కూడా పెట్టి వెళ్లింది.

మిగిలింది పదకొండు మంది. సభ వచ్చే ఆదివారానికి వాయిదా వేశామని తిమ్మారెడ్డి ప్రకటించాడు.

మంగళవారం కురుమయ్య ఆఫీసుకు సెలవు పెట్టి మున్సిపాలిటీకి పోయి ఇంజనీరును బతిమాలాడు. ఈ వారం జాబితా పైకి పోతోందనీ, తీర్మానం లేకుండా పేరు చేర్చలేననీ, ఆలస్యంగా వచ్చిన కాగితం వచ్చే ఏటి జాబితాలోకి పోతుందనీ ఆయన చెప్పాడు. అంటే ఇంకో ఎండాకాలం కూడా ట్యాంకరే.

ఈ కబురు కాలనీలో ఒక పూటలో పాకిపోయింది. పాకేటప్పుడు దాని రూపు మారింది. కురుమయ్య కలానికి మూత పెట్టిన సంగతి ఎవరి నోటా రాలేదు. నర్సమ్మ మీటింగు నుంచి లేచిపోయింది, అందుకే నీళ్లు పోయాయి అన్న మాట మాత్రం ప్రతి వాకిట్లోనూ వినిపించింది. తిమ్మారెడ్డి పుట్టించిన మాటో, దానంతటది పుట్టిందో కురుమయ్య కనుక్కోలేదు. విన్నచోటల్లా మౌనంగా ఉండిపోయాడు. ఆ మాట తనను కాపాడుతోందని అతనికి తెలుసు.

ఏసురత్నం మాత్రం సోమవారం పొద్దున ఎప్పటిలాగే వచ్చింది. బాలనాగమ్మను పలకరించింది. సూది వేసింది. కురుమయ్య వంటింట్లోనే ఉండిపోయాడు, ఆమె వెళ్లేదాకా. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే.

గురువారం పొద్దున ట్యాంకరు వచ్చింది. డ్రమ్ముల వరసలో అందరూ చిరాకుగా ఉన్నారు. మూడో లైను తిరుపతమ్మకు పైపు అందేసరికి ట్యాంకరులో నీళ్లు సన్నబడ్డాయి. ఆమె ఖాళీ బిందెను నేలకేసి కొట్టింది.

"నీళ్లొస్తయంటే ఒక్క సంతకం పెట్టనీకె చేతులు రాకపాయె! నలుగురి కడుపు కొట్టి ఏం బావుకుంటరో!"

ఏసురత్నం వరసలో వెనక ఉంది. డ్యూటీ చీరలోనే ఉంది. తిరుపతమ్మ ఎవరినన్నదో అందరికీ తెలుసు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వంత పాడారు. "పిలిస్తె పెద్దరికం చూపిచ్చిందంట" అన్నది ఒకామె. ఏసురత్నం ఒక్కసారి తల తిప్పి చుట్టూ చూసింది. ఆ రోజు వరండాలో ఉన్నవాళ్లలో అక్కడున్నది కురుమయ్య ఒక్కడే. నాలుగు డ్రమ్ముల అవతల నిలబడి ఉన్నాడు. ఆమె చూపు అతని మీద ఆగింది.

నోరు తెరిస్తే చాలు. "ఆమె తప్పు లేదు, తప్పు నాది" అనాలి, అంతే. కురుమయ్య వంగి, బాగానే ఉన్న డ్రమ్ము మూతను తీసి మళ్లీ బిగించసాగాడు. తల ఎత్తేసరికి ఏసురత్నం నీళ్లు పట్టుకోకుండానే ఖాళీ బిందెతో వెళ్లిపోతోంది.

ఆ పొద్దున ఆమె సూది వేయడానికి ఆలస్యంగా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె వెళ్లాక బాలనాగమ్మ కొడుకును పిలిచింది.

"ఏందిరా? ఆ పిల్ల ముఖం గట్లున్నదేంది? ఎవలేమన్నరు?"

మొదట ఏమీ లేదన్నాడు. తల్లి వదల్లేదు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. నోటీసు సంగతీ, తల ఊపిన సంగతీ, కలం సంగతీ, ట్యాంకరు సంగతీ. చెబుతుంటే తన మాటలే తనకు ఎవరివో అనిపించాయి.

ముసలమ్మ అంతా విని అంది: "నాకు సూది ఆలస్యమైతె ఉరుక్కుంట పోయి పిల్చుకొస్తివి గద. కాయిదం ఇయ్యనీకె ఆ ఇల్లు దొర్కలేదారా నీకు?"

కురుమయ్య తలెత్తలేదు.

"మీ నాయన ఆ రెడ్ల వాకిట్ల నిలబడి నిలబడి కాళ్లు వాచేటియి. ఇంటికొచ్చి నాతోని కాళ్లు పిసికిపిచ్చుకునేటోడు. నీకు తెల్వనిదా?"

ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం కురుమయ్య వాయిదా సభ నోటీసు పుస్తకం పట్టుకుని బయల్దేరాడు. ఈసారి నాలుగో లైను చివరింటి నుంచి మొదలుపెట్టాడు. ఏసురత్నం ఇంట్లో లేదు. ఇస్రాయేలు పుస్తకంలో భార్య పేరు ఎదురుగా సంతకం చేసి తిరిగిచ్చాడు. ఆ సాయంత్రం కురుమయ్య పోయిన సభ మినిట్సు రాయడానికి కూర్చున్నాడు. ఎప్పుడూ పావుగంటలో అయిపోయే పనికి రెండు గంటలు పట్టింది.

ఆదివారం వాయిదా సభకు జనం విరగబడి వచ్చారు. నీళ్లు పోయిన కోపం అందరినీ కదిలించింది. కోరం అక్కర్లేని సభకు ఇరవై ఆరు మంది హాజరు. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఏసురత్నం వచ్చి ఆ మెట్ల మీదే ఒక చివర కూర్చుంది. తిరుపతమ్మ ఆమెను చూసి మూతి తిప్పుకుంది.

కురుమయ్య పుస్తకం తెరిచాడు. సభ తేదీ, స్థలం చదివాడు. తర్వాతి వాక్యాలు చదవబోయే ముందు నీళ్లు తాగాడు.

"ముప్పై ఆరవ ఇంటి సభ్యురాలు శ్రీమతి ఏసురత్నం గారికి గత మూడు సంవత్సరములలో జరిగిన పదకొండు సమావేశములకును, ఈ సమావేశమునకును నోటీసు ఇవ్వబడలేదు. అందరికీ ఇచ్చినట్లు కార్యదర్శి రాసినది అబద్ధము. ఈ విషయము పుస్తకములో రాసినచో సంతకము చేసెదనని ఆమె కోరినారు. కార్యదర్శి రాయలేదు. అందువలన ఆమె వెళ్లిపోయినారు. కోరము లేక తీర్మానము ఆగిపోవుటకు కారణము కార్యదర్శియే."

తిమ్మారెడ్డి కుర్చీలోంచి సగం లేచాడు. "ఏంది కురుమయ్యా గిది? ఎవరినడిగి రాసినవు?"

"ఎవరినీ అడగలే సారూ" అన్నాడు కురుమయ్య. తిమ్మారెడ్డి తనకు చెప్పిన మాట గురించి మాత్రం అతను రాయలేదు. రాయాలనే అనుకున్నాడు. భయం వల్లనో, తల ఊపింది తానే కదా అన్న ఆలోచన వల్లనో ఆ వాక్యం కాగితం మీదికి రాలేదు. ఎందువల్లనన్నది అతనికే సరిగ్గా తెలియలేదు.

వరండా నిశ్శబ్దమైపోతుందనీ, నలుగురూ తన మీద పడతారనీ కురుమయ్య రాత్రంతా భయపడ్డాడు. అలాంటిదేమీ జరగలేదు. జయశ్రీ తలవంచుకుంది. షరీఫ్ "అరె, గిట్లైందా? మాకు వేరే తీరుగ చెప్పిరి గదా" అన్నాడు, తానూ ఆ రోజు వరండాలో ఉన్నవాడేనని మరిచిపోయినట్టు. మెట్ల మీంచి ఒకాయన విసుగ్గా, "సరే తియ్యి, నీళ్ల ముచ్చట చెప్పుండ్రి ముందు" అన్నాడు. అయిపోయింది. మూడేళ్ల సంగతి మూడు నిమిషాల్లో దాటిపోయింది. ఎవరైనా తిట్టి ఉంటే కొంత బరువు దిగేదేమో. తిట్టడానికి కూడా ఎవరికీ తీరిక లేదు.

తీర్మానం చేశారు, వచ్చే ఏటి జాబితాకైనా పనికొస్తుందని. పుస్తకం చేతులు మారుతూ పోయింది. ఏసురత్నం కురుమయ్య చదివిన పేజీని మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదువుకుని సంతకం పెట్టింది. ఆ తర్వాత కురుమయ్య లేచి, తాను కార్యదర్శిగా ఉండలేననీ, ఇంకెవరినైనా పెట్టుకొమ్మనీ చెప్పాడు. తిమ్మారెడ్డి వద్దనలేదు. జయశ్రీని ఎన్నుకున్నారు.

గేటు బయట కురుమయ్య ఏసురత్నాన్ని అందుకున్నాడు. "అమ్మా, తప్పైంది" అన్నాడు. ఆమె ఆగింది.

"మీటింగుల చదివిండ్రు గద సారూ. విన్న."

"అయినా చెప్పాలె అనిపిచ్చింది."

ఆమె రోడ్డు వైపు చూసింది. "నోటీసు ఇయ్యకపోతె నాకేం కొత్త కాదు సారూ. గసొంటియి మస్తు చూసిన. కానీ ట్యాంకరు కాడ ఆడోళ్లు నన్ను అంటుంటె మీరక్కడ్నే ఉంటిరి. నన్ను చూస్తిరి. చూసి తల దించుకుంటిరి. గది మాత్రం నాకు పోతలేదు."

ఆమె జవాబు కోసం ఆగలేదు. "వస్త సారూ" అని నాలుగో లైను వైపు నడిచింది. ఎదురుగా తిరుపతమ్మ వస్తూ, ఆమెను చూసి నడక తగ్గించింది. ఏదో అనబోయి అనలేకపోయింది. ఏసురత్నమే "బిందె సొట్టవోయిందా వదినా?" అని అడిగి ముందుకు సాగిపోయింది.

కాలనీకి నీళ్లు మరుసటి ఏడు వానాకాలంలో వచ్చాయి. ఆ రోజు పార్కు స్థలంలో చిన్న సభ పెట్టారు. తిమ్మారెడ్డి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ల కోసం ఎవరెవరు తిరిగారో జయశ్రీ పేరుపేరునా చెప్పింది. ఏసురత్నం పేరు మొదట చెప్పింది. ఆమె డ్యూటీలో ఉండి రాలేదు. కురుమయ్య పేరు కూడా చెప్పి, రెండు మాటలు మాట్లాడమని పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ కురుమయ్య చేతులు అడ్డంగా ఊపాడు. షరీఫ్ భుజం పట్టి ముందుకు తోయబోతే, "వద్దు షరీఫ్, నాకు రాదు" అని విడిపించుకుని ఇంటి దారి పట్టాడు.